సముద్రం కుడిచేతి వైపు ఉండాలి

బిడ్డా,

నువ్వూ నీ రూమ్మేటూ సెప్టెంబరు ఆఖర్లో టర్కీ దక్షిణ తీరం వెంట బస్సుల్లోనే తిరుగుదామనుకుంటున్నారని, ఫెతియె నుంచి అంతాల్యా దాకా ఏది ఎక్కాలో ఎక్కడ దిగాలో రాసి పంపమని అడిగావు కదా. ఫోన్లో చెబితే సగం జారిపోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. దీన్ని ప్రింట్ తీసి బ్యాగులో పెట్టుకో. కొండల మధ్య చాలాచోట్ల సిగ్నల్ ఉండదు.

అన్నిటికంటే ముందు ఈ తీరం తీరు తెలియాలి. తోరోస్ కొండలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. డి-400 అనే హైవే ఆ కొండల నడుముకి చుట్టుకున్నట్టు పోతుంది. పెద్ద బస్సు ఆ హైవే వదిలి కిందికి రాదు. మీరు చూడాలనుకునేవేమో దాదాపు అన్నీ హైవేకి కిందనే, నీళ్ల పక్కన ఉంటాయి. అంటే బస్సు మిమ్మల్ని మలుపు దగ్గర దింపేసి వెళ్ళిపోతుంది, అక్కడినుంచి రెండు కిలోమీటర్లో పది కిలోమీటర్లో మీరే చూసుకోవాలి. ఈ దారిలో ప్రయాణం చెడితే ఆ చివరి కిలోమీటర్ల దగ్గరే చెడుతుంది. ప్లాను వేసేటప్పుడు బస్సు టైము ఒక్కటే చూసుకుంటే చాలదు. మలుపు దగ్గర దిగేసరికి ఇంకా వెలుతురు ఉంటుందా, కిందికి వెళ్ళే వ్యాను ఉంటుందా అన్నది చూడండి. సెప్టెంబరు చివర అక్కడ ఏడు కాకముందే పొద్దుగూకుతుంది. కొత్త ఊరికి మధ్యాహ్నం మూడుకల్లా చేరేలా బయల్దేరితే ఏ ఇబ్బందీ ఉండదు.

వీసా సంగతి. భారతీయ పాస్‌పోర్టు మీద షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి) వీసా గానీ రెసిడెన్స్ పర్మిట్ గానీ ఉన్నవాళ్లకి టర్కీ ఈ-వీసా ఇస్తుంది, ముప్ఫై రోజులకి, ఒక్కసారి ప్రవేశానికి. మీ ఇద్దరి దగ్గరా జర్మనీ పర్మిట్ ఉంది కాబట్టి సరిపోతుంది, కానీ ప్రయాణం నాటికి అది చెల్లుబాటులో ఉండాలి. టర్కీ ప్రభుత్వ సైటులోనే తీసుకోండి. అచ్చం అలాగే కనిపించి రెండింతలు మూడింతలు గుంజే సైట్లు చాలా ఉన్నాయి. నిబంధనలు మారుతుంటాయి, టికెట్ కొనేముందు అదే సైటులో మరోసారి చూసుకోండి. "ఒక్కసారి ప్రవేశం" అన్న మాట గుర్తుపెట్టుకో, దారిలో వచ్చే కాష్ అనే ఊరి గురించి రాసేటప్పుడు దాని సంగతి మళ్ళీ చెబుతాను.

బ్యాగు 40 లీటర్లు దాటొద్దు, బరువు ఏడెనిమిది కిలోలు చాలు. పిసినారితనం కాదిది. చిన్న వ్యాన్లలో సామాను పెట్టే చోటే ఉండదు, వెనక సీటు పక్కనో మీ కాళ్ల మధ్యనో పెట్టుకోవాలి. చక్రాల సూట్‌కేసు దారిలో వచ్చే పతారా బీచి ఇసుకలో, ఒలింపోస్ వాగు దారిలో నడవదు. గులకరాళ్ల బీచులకి నీళ్లలో వేసుకునే చెప్పులు, ఒక్కొక్కరికి ఒక టార్చి, లీటరున్నర నీళ్ల సీసా, తలకి టోపీ, మసీదులోకి వెళ్లాలంటే ఒక చున్నీ. తువ్వాలు పల్చటిది ఒకటి.

ఇక బండ్లు. ఊరి నుంచి ఊరికి పోయే పెద్ద బస్సులు ఓటోగార్ నుంచి బయల్దేరతాయి, ఓటోగార్ అంటే మన బస్టాండే. టికెట్‌కి పాస్‌పోర్టు నంబరు అడుగుతారు. ఆడా మగా అని కూడా అడుగుతారు, ఎందుకంటే ఒంటరిగా వచ్చిన అమ్మాయి పక్క సీటు ముక్కూమొహం తెలియని మగవాళ్లకి ఇవ్వరు. అడిగారని కంగారుపడొద్దు. బస్సులో మువావిన్ అని సహాయకుడు ఉంటాడు, టీ, కేకు ముక్క, నీళ్లు ఇస్తాడు. చాలా బస్సుల్లో టాయిలెట్ ఉండదు, మధ్యలో ఆపుతారు. సామాను కింద డిక్కీలో పెడితే చీటీ ఇస్తారు, అది పారెయ్యకు.

రెండోది దోల్ముష్. మన షేర్ ఆటో పద్ధతే, కాకపోతే పదిహేను ఇరవైమంది పట్టే వ్యాను. ముందు అద్దం మీద ఊరి పేరు బోర్డు ఉంటుంది, చెయ్యి ఎత్తితే ఎక్కడైనా ఆపుతాడు. వెనక కూర్చుంటే డబ్బులు ముందువాళ్ల చేతికిస్తే డ్రైవరు దాకా పోతాయి, చిల్లర కూడా అలాగే చేతులు మారి వెనక్కి వస్తుంది. దిగాలంటే "ఇనెజెక్ వార్" అని గట్టిగా అను. సాయంత్రం ఎక్కడికి వెళ్లినా దిగేటప్పుడే డ్రైవర్ని "సోన్ దోల్ముష్ కచ్తా?" అని అడుగు, ఆఖరి బండి ఎన్నింటికి అని. గోడ మీది టైమ్‌టేబుల్ వేసవిది కావచ్చు, డ్రైవరు చెప్పేది ఈరోజుది. కార్డు తీసుకునే బండ్లు కొన్ని ఉన్నా చిన్న నోట్లు జేబులో ఉంచుకోండి. టర్కీలో ధరలు తరచూ పెరుగుతున్నాయి, కాబట్టి ఎక్కడ ఎంతవుతుందో లెక్కలు రాయడం లేదు. పాత బ్లాగుల్లోని ఛార్జీలు నమ్మొద్దు.

ఇప్పుడు ముఖ్యమైన హెచ్చరిక. ఫెతియె నుంచి అంతాల్యాకి రెండు దారులు. కొండల మీదుగా, కోర్కుతెలీ గుండా వెళ్లే దాన్ని "యయ్‌లా" అంటారు, మూడున్నర గంటల్లో చేరుస్తుంది. తీరం వెంట వెళ్లేది "సాహిల్", దానికి దాదాపు రెట్టింపు టైము. మీకు కావాల్సింది సాహిల్. కౌంటర్లో ఊరికే "అంతాల్యా" అంటే తొందరగా చేరేది మంచిదని యయ్‌లా టికెట్ కొట్టేస్తారు. అందుకే అంతాల్యా పేరే ఎత్తొద్దు. ముక్కలుగా వెళ్లండి: ఫెతియె నుంచి పతారా, అక్కడినుంచి కాష్, తర్వాత దెమ్రె, ఒలింపోస్, చివర అంతాల్యా.

పడమటి నుంచి తూర్పుకి వెళ్తున్నారు కాబట్టి సముద్రం మొత్తం దారిలో కుడివైపు. అక్కడ బండ్లు రోడ్డుకి కుడిపక్కన నడుస్తాయి, అంటే మీ లేనే సముద్రానికి దగ్గర. కుడివైపు కిటికీ అడగండి. ఎండ కూడా అటే కొడుతుంది, అయినా ఓర్చుకోవచ్చు. కల్కాన్ నుంచి దెమ్రె దాకా మలుపులు ఎక్కువ. నీకు ఘాట్ రోడ్డులో తిప్పుతుంది కదా, బయల్దేరడానికి అరగంట ముందు మాత్ర వేసుకో, కడుపు నిండా తినకు, ముందు సీట్లో కూర్చో, ఫోన్ చూడకు.

దలమాన్ ఎయిర్‌పోర్టులో దిగితే ఫెతియెకి షటిల్ బస్సు ఉంటుంది, గంట ప్రయాణం. ఫెతియెలో మూడు రాత్రులు ఉండండి. 1957 భూకంపంలో ఊరు చాలామట్టుకు కూలిపోయింది, అందుకే కట్టడాలన్నీ కొత్తగా కనిపిస్తాయి. కానీ ఊరి వెనక కొండని చెక్కి చేసిన సమాధులు అలాగే నిలిచాయి. అమింతాస్ అనే అతని సమాధి క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దానిది, గుడి ముఖద్వారంలా ఉంటుంది. సాయంత్రపు ఎండ దాని మీద పడుతుంది, అప్పుడు వెళ్లండి. అక్కడి మ్యూజియం చిన్నదే, వదలొద్దు. లెతూన్ అనే పాత గుళ్ల శిథిలాల్లో 1973లో దొరికిన రాతిశాసనం అందులో ఉంది. ఒకే సంగతిని లిసియన్, గ్రీకు, అరమాయిక్ భాషల్లో చెక్కారు. లిసియా అంటే ఈ తీరానికి పాత పేరు. లిసియన్ భాషని చదవడంలో పండితులకి బాగా సాయపడిన రాయి అది. మీరు చూడబోయే ఊళ్లన్నీ ఆ లిసియా వాళ్లవే కాబట్టి ముందు ఇది చూసి బయల్దేరితే మిగతావి అర్థమవుతాయి.

ఒకరోజు కయాకోయ్. దోల్ముష్‌లో అరగంట లోపే. 1923లో గ్రీసు, టర్కీ ఒప్పందం చేసుకుని జనాన్ని మార్చుకున్నాయి, ఇక్కడి గ్రీకు క్రైస్తవులు ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. కప్పుల్లేని రాతి ఇళ్లు కొండ నిండా వందలుగా నిలబడి ఉన్నాయి. గోడలెక్కొద్దు, రాళ్లు కదులుతాయి. అక్కడినుంచి అడవిలోంచి ఓల్యుదెనిజ్ బీచికి గుర్తులు వేసిన కాలిబాట ఉంది, రెండు రెండున్నర గంటలు. చివర దిగుడు ఏటవాలుగా, జారుడు గులకతో ఉంటుంది, మంచి బూట్లు వేసుకోండి. తిరిగి రావడానికి ఓల్యుదెనిజ్ నుంచి ఫెతియెకి దోల్ముష్‌లు వరసగా ఉంటాయి.

పతారా దారిలో కినిక్ అనే ఊరి దగ్గర దిగితే లిసియా వాళ్ల పాత నగరం క్సాంతోస్ కిలోమీటరు ఎక్కుడు. పొద్దున్నే వెళ్లండి, నీడ లేదు. క్సాంతోస్, లెతూన్ రెండిటినీ కలిపి 1988లో యునెస్కో జాబితాలో చేర్చారు. హార్పీ సమాధి అనే ఎత్తైన స్తంభం చుట్టూ ఉన్న బొమ్మలు అచ్చులు పోసిన నకళ్లు. అసలువి, ఇక్కడి నెరెయిడ్ స్మారకం అనే మరో సమాధి శిల్పాలతో కలిపి 1840ల్లో ఇంగ్లీషువాళ్లు ఓడల్లో తీసుకుపోయారు, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన అమరావతి శిల్పాలు ఏ భవనంలో ఉన్నాయో ఇవీ ఆ భవనంలోనే. ఆ ఖాళీ స్తంభాలు చూసినప్పుడు నీకు అమరావతి దిబ్బ గుర్తుకు రావాలని నా కోరిక. లెతూన్ అక్కడికి నాలుగైదు కిలోమీటర్లు, నేరుగా బండి దొరకడం కష్టం. ఇద్దరూ బ్యాగులతో ఎండలో నడవొద్దు, టాక్సీ మాట్లాడుకోండి, లేదంటే వదిలేయండి.

పతారాకి హైవే మీద దిగితే గెలెమిష్ అనే పల్లె రెండు మూడు కిలోమీటర్లు కిందికి. పాన్షియోన్లన్నీ ఆ పల్లెలోనే. ఇంటివాళ్లే నడిపే బస అది, పొద్దున టిఫిను గది అద్దెలోనే. ముందు ఫోన్ చేస్తే చాలామంది మలుపు దగ్గరికి కారేసుకుని వస్తారు, అడగడానికి మొహమాటపడొద్దు. సీజన్లో కాష్, కల్కాన్‌ల నుంచి బీచి దాకా దిగే దోల్ముష్‌లు కూడా ఉంటాయి. ఇక్కడ రెండు రాత్రులు.

ఈ దారి మొత్తంలో నాకు పతారాయే అన్నిటికంటే విలువైనది. పల్లె నుంచి బీచికి వెళ్లే రెండు కిలోమీటర్లూ పాత నగరం మధ్యలోంచే నడుస్తావు. ఒకప్పుడు పెద్ద ఓడరేవు. నది తెచ్చిన మట్టి, గాలి తెచ్చిన ఇసుక కలిసి రేవుని పూడ్చేశాయి, ఇప్పుడది రెల్లు పెరిగిన మడుగు. అందువల్లే నగరం మీద కొత్త ఊరు రాలేదు, అందువల్లే మిగిలింది. లిసియా నగరాల సమాఖ్య సభ జరిగిన భవనాన్ని మళ్ళీ నిలబెట్టారు, మెట్ల మీద కూర్చోవచ్చు. ఇరవైమూడు నగరాలు, పెద్దవాటికి మూడేసి ఓట్లు, మధ్యరకానికి రెండు, చిన్నవాటికి ఒకటి. పాతకాలపు గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాసిపెట్టిన ఈ లెక్కని ఫ్రెంచి తత్వవేత్త మాంటెస్క్యూ మెచ్చుకున్నాడు, అమెరికా రాజ్యాంగం గురించి వాదించినప్పుడు అక్కడి నాయకుడు హామిల్టన్ ఉదాహరణగా చెప్పాడు. ఇంకొకటి, బస్సుల్లో తిరిగేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది. క్రీ.శ. 43లో రోము లిసియాని కలుపుకున్నాక రెండు మూడేళ్లకి క్లాడియస్ చక్రవర్తి పేర ఇక్కడ ఒక స్తంభం నిలిపారు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత దూరమో వరసగా దాని మీద చెక్కారు. 1990ల్లో ఆ రాళ్లు బయటపడ్డాయి. మీ సంచిలోని ఈ ఉత్తరంలో ఉన్న ఊళ్లలో చాలావాటి పేర్లు దాని మీద ఉన్నాయి.

బీచి ఇసుకది, పన్నెండు కిలోమీటర్లకి పైనే, అలలు గట్టిగా ఉంటాయి, గాలి మధ్యాహ్నం లేస్తుంది. తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు కాబట్టి రాత్రిళ్లు బీచి మూసేస్తారు. సెప్టెంబరులో కూడా పిల్లలు బయటికి వస్తుంటాయి. గుర్తుగా కట్టిన కర్రల మధ్యకి వెళ్లొద్దు, గొడుగు గుచ్చొద్దు, చీకట్లో లైటు వెయ్యొద్దు. లైటు చూస్తే ఆ పిల్లలు సముద్రం వైపు కాకుండా దాని వైపు పాకుతాయి.

కాష్‌లో మూడు రాత్రులు. దారిలో కాపుతాష్ బీచి, హైవే మీద నుంచి దాదాపు రెండొందల మెట్లు. బ్యాగులతో అక్కడ దిగొద్దు, కాష్‌లో దింపుకుని మళ్ళీ దోల్ముష్‌లో ఇరవై కిలోమీటర్లు వెనక్కి రండి. కాష్‌కి ఎదురుగా కనిపించే ద్వీపం గ్రీసుది, మెయిస్ అంటారు, పడవలో ఇరవై నిమిషాలు. ఇక్కడే ఆ వీసా సంగతి. మీ జర్మనీ పర్మిట్‌తో అక్కడికి వెళ్లొచ్చు, కానీ వెళ్లారంటే టర్కీ నుంచి బయటికి పోయినట్టే లెక్క. ఒక్కసారి ప్రవేశం అయిపోయింది. సాయంత్రం తిరిగి రావాలంటే కొత్త ఈ-వీసా కావాలి. వెళ్లే ముందు రోజే అది తీసుకోండి, లేదా ద్వీపాన్ని ఒడ్డు నుంచే చూడండి. కెకోవా అనే ఇంకో ద్వీపం దగ్గర భూకంపాలకి కుంగి నీళ్లలోకి దిగిన పాత ఇళ్ల గోడలు, మెట్లు కనిపిస్తాయి. దానికి ఎదురు ఒడ్డున ఉన్న ఉచాయిజ్ పల్లె దాకా బండ్లు అరుదు, కాబట్టి కాష్ రేవు నుంచే పొద్దుటి పడవ ఎక్కండి. మునిగిన భాగం మీద ఈత నిషేధం, పడవలు వేరేచోట ఆపుతాయి.

తిండి గురించి నువ్వు అడగలేదు, నాకు మాత్రం అదే బెంగ. నువ్వు మాంసం తినవు కాబట్టి "ఎత్‌సిజ్" అన్న మాట నేర్చుకో, మాంసం లేకుండా అని. ఒక్క మాటతో సరిపెట్టకు, చాలామంది లెక్కలో కోడి మాంసం కాదు, "తావుక్ ద యోక్" అని కూడా చెప్పు. మెర్జిమెక్ అనే ఎర్రపప్పు సూప్ ఎక్కడైనా దొరుకుతుంది, కొన్నిచోట్ల మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు, అడిగి తీసుకో. లోకాంతా అనే మామూలు భోజన హోటళ్లలో వండినవి అద్దం వెనక గిన్నెల్లో పెడతారు, చూపించి అడగొచ్చు. ఆలివ్ నూనెలో వండిన బీన్స్, వంకాయ, బెండకాయ నీకు నచ్చుతాయి. పెనం మీద కాల్చే గోజ్లెమె అనే కూర పెట్టిన రొట్టె పాలకూరతోనో బంగాళాదుంపతోనో చేయించుకో. ఐరాన్ ఉప్పు కలిపిన మజ్జిగ, ఎండలో తిరిగినప్పుడు కూల్‌డ్రింకుల కన్నా మేలు. తాగే నీళ్లు ఐదు లీటర్ల డబ్బా కొని సీసాల్లో నింపుకోండి.

కాష్ నుంచి దెమ్రె గంట. దెమ్రెలో రాత్రి ఉండక్కర్లేదు. ఓటోగార్‌లో మీరు ఎక్కబోయే బస్సు ఆఫీసులో అడిగితే బ్యాగులు ఉంచుకుంటారు, తర్వాతి బండికి అక్కడే టికెట్ కొంటే కాదనరు. ఊరి మధ్యలో సెయింట్ నికొలస్ చర్చి. క్రిస్మస్ తాతగా లోకమంతా ఎరిగిన ఆయన నాలుగో శతాబ్దంలో ఇక్కడ బిషప్పు, పుట్టింది పతారా అంటారు. 1087లో ఇటలీ నావికులు ఆయన ఎముకలు బారీకి తీసుకుపోయారు. చర్చి నేలమట్టానికి బాగా కింద ఉంటుంది, వరదమట్టి ఊరిని అంత ఎత్తు లేపింది. అక్కడినుంచి మైరా అనే పాత నగరపు సమాధుల కొండ, నాటకశాల రెండు కిలోమీటర్లు, టమాటా గ్రీన్‌హౌస్‌ల మధ్య నడక. మొత్తం మూడు నాలుగు గంటలు చాలు. ఒంటిగంటకల్లా అక్కడ బస్సు ఎక్కాలి.

ఎందుకంటే తర్వాతి మజిలీ ఒలింపోస్, మొత్తం దారిలో చిక్కు మలుపు ఇదే. హైవే నుంచి లోయలోకి పది కిలోమీటర్లకి దగ్గరగా ఉంటుంది. మలుపు దగ్గర టీకొట్టు, అక్కడ మినీబస్సు తగినంతమంది చేరేదాకా కదలదు. సీజన్ తగ్గాక గంటల తరబడి నిలబడాల్సి రావచ్చు. నలుగురైదుగురు చేరితే ఖాళీ సీట్ల డబ్బు కూడా పంచుకుని బయల్దేరమనండి, ఒప్పుకుంటాడు. పక్కనే చిరాలీకి వేరే మలుపు ఉంది, రెండూ దగ్గరదగ్గరే. ఎక్కేటప్పుడే మువావిన్‌కి పేరు స్పష్టంగా చెప్పి, ఫోన్లో ఆఫ్‌లైన్ మ్యాపు తెరిచి చూసుకుంటూ ఉండు. దాటిపోయాక వెనక్కి నడిపించుకునే రోడ్డు కాదది.

నన్నడిగితే చిరాలీలోనే దిగండి, రెండు రాత్రులు. ఒలింపోస్ చెట్టు ఇళ్లలో రాత్రి పాటల హోరు ఉంటుంది. బీచి వెంట అరగంట నడిస్తే ఒలింపోస్ శిథిలాలు వచ్చేస్తాయి, అక్కడ టికెట్ కొనాలి. చిరాలీలో ఉండమనడానికి అసలు కారణం యనార్తాష్. కొండమీద రాతి పగుళ్లలోంచి మీథేన్ వాయువు బయటికొచ్చి వేల ఏళ్లుగా మండుతోంది. పాతకాలపు గ్రీకులు నిప్పులు కక్కే కిమేరా అనే వింత మృగం కథని ఇక్కడే ముడిపెట్టారు. ఊళ్లోంచి గేటు దాకా మూడు నాలుగు కిలోమీటర్లు, సైకిలు అద్దెకి తీసుకోండి. గేటు నుంచి కిలోమీటరు మెట్లు, ఎగుడుదిగుడు రాళ్లు. చీకటి పడుతుండగా ఎక్కితే మంటలు బాగా కనిపిస్తాయి, దిగడానికి టార్చి తప్పనిసరి. ఇద్దరే వెళ్లొద్దు, పాన్షియోన్ నుంచి నలుగురు కలిసి వెళ్తుంటారు, వాళ్లతో వెళ్లండి.

అంతాల్యా వైపు వెళ్తూ ఫాసెలిస్ మలుపులో దిగడం సులువు, కిలోమీటరు పైచిలుకు నడక, పైన్ చెట్ల నీడ. మూడు రేవులున్న ఊరు, క్రీస్తుపూర్వం 334-333 చలికాలంలో అలెగ్జాండర్ ఇక్కడ ఆగాడు. రాళ్ల వీధి చివర నీళ్లే, ఈత దుస్తులు పైన పెట్టుకోండి.

అంతాల్యాలో తీరం బస్సులు ఓటోగార్‌లోని జిల్లా టెర్మినల్ దగ్గర ఆగుతాయి. అక్కడే ట్రాము ఎక్కి ఇస్మెత్‌పాషా దగ్గర దిగితే పాత ఊరు కలెయిచి నడిచేంత దూరం. క్రీ.శ. 130లో రోము చక్రవర్తి హేడ్రియన్ వచ్చినందుకు కట్టిన మూడు తోరణాల ద్వారంలోంచి లోపలికి వెళ్లండి. అదే ట్రాము మిమ్మల్ని ఎయిర్‌పోర్టుకీ చేరుస్తుంది, కానీ స్టేషను ఒకటో టెర్మినల్ దగ్గర. మీ విమానం రెండో టెర్మినల్ నుంచి అయితే ఇంకా రెండు కిలోమీటర్లు ఉంటుంది, టికెట్‌లో చూసుకుని అరగంట ముందే బయల్దేరండి. ఏ ఊరు చేరినా పాన్షియోన్ పేరు నాకు మెసేజ్ పెట్టు. అక్కడ రాత్రి తొమ్మిదంటే మనకి పదకొండున్నర, నేను మేలుకునే ఉంటాను.

అమ్మ